నెత్తురు మోసే ప్రాణవాయువు



ఈ పూట మనం మాట్లాడుకోబోయేది అలసట గురించి. "రోజూ పడేదే కదా, దాన్ని గురించి మళ్ళీ చెప్పేదేముంది!" అని మీరు నవ్వుకోవచ్చు. పొద్దున్నే లేచి నీళ్ళు పట్టుకుని, టిఫిన్లు చేసి, డబ్బాలు కట్టి, పిల్లల్ని బడికీ, ఆయన్ని ఆఫీసుకీ పంపి, అంట్లు, బట్టలు, మళ్ళీ వంట, మళ్ళీ అంట్లు. ఇంత చేశాక ఒళ్ళు అలవడం సహజమే. కానీ ఆ అలసట రాత్రి నిద్రతో తీరిపోతుంది. నేను చెప్పేది ఇంకో రకం అలసట. నిద్ర లేచేసరికే ఒంట్లో కూర్చుని ఉంటుంది. పది మెట్లు ఎక్కితే ఆయాసం, బిందె ఎత్తితే గుండెదడ, వంగి లేస్తే కళ్ళు తిరగడం, ఏ పని మొదలుపెట్టినా "ఇప్పుడెందుకులే" అనిపించడం.

దీనికి మనం పెట్టుకున్న పేర్లు చాలా ఉన్నాయి. వేడి చేసింది అంటాం, దిష్టి తగిలింది అంటాం, వయసు మీదపడింది అంటాం. ఇంట్లోవాళ్ళు పెట్టే పేరు మాత్రం ఒక్కటే, బద్ధకం. వీటిలో ఏది నిజమో తేలాలంటే ముందు మన ఒంట్లో నెత్తురు ఏం పని చేస్తోందో కాస్త తెలుసుకోవాలి. చదువుకున్నది మెట్రిక్ దాకానే అయినా, మనం చక్కగా అర్థం చేసుకోగల విషయమే ఇది. ఎందుకంటే ఇది కూడా పొయ్యి, కట్టెలు, మోత కూలీలు, ఇంటి జమాఖర్చుల వ్యవహారమే.

పొయ్యి మండాలంటే కట్టెలు ఒక్కటే చాలవు, గాలి ఆడాలి. గాలి ఆడకపోతే పొగే గాని మంట రాదు. మన ఒంట్లోనూ అంతే. తిన్న అన్నం, పప్పు, నూనె కట్టెల వంటివి. వాటిని శక్తిగా మార్చుకోవాలంటే గాలిలోని ప్రాణవాయువు, అదే ఆక్సిజన్, కావాలి. ఒళ్ళంతా కోటానుకోట్ల చిన్న చిన్న కణాలు ఉన్నాయి. ప్రతి కణంలోనూ ఒక పొయ్యి వెలుగుతున్నదనుకోండి. ముక్కు దగ్గర దొరికే గాలి కాలి బొటనవేలిలో ఉన్న పొయ్యికి అందేదెట్లా? ఎవరో ఒకరు మోసుకుపోవాలి. ఆ మోత పని చేసేవే నెత్తురులోని ఎర్ర కణాలు.

ఈ ఎర్ర కణం ఎంత చిన్నదంటే, ఒక్క మిల్లీమీటరు పొడవున 130 దాకా వరసగా పేర్చవచ్చు. ఆకారం అడిగితే, గారెకు చిల్లు పెట్టబోయి, పూర్తిగా పెట్టకుండా రెండు వైపులా వేలితో నొక్కి వదిలేసినట్టు ఉంటుంది. నడుమ పలచన, అంచు మందం. ఈ ఆకారం వల్ల లోపలికీ బయటికీ వాయువు త్వరగా పోతుంది. పైగా కణం మెత్తగా వంగుతుంది. మన ఒంట్లో అతి సన్నని రక్తనాళాలున్నాయి, కేశనాళికలంటారు. వాటిలో కొన్ని ఈ కణం వెడల్పు కంటే కూడా ఇరుకు. పాత వరంగల్ సందుల్లో రిక్షా దూరినట్టు, ఒకదాని వెనక ఒకటి, మడతపడి దూరిపోతాయి.

మిగతా కణాల్లో చాలావాటికి లోపల కేంద్రకం అని ఒకటి ఉంటుంది. ఎర్ర కణం మాత్రం పుట్టే సమయంలోనే దాన్ని బయటికి తోసేస్తుంది. సామాను ఎక్కించడానికి బండిలో సీట్లు తీసేసినట్టు అన్నమాట. ఆ ఖాళీలో నింపుకునేది హీమోగ్లోబిన్ అనే పదార్థాన్ని. ఒక్కో కణంలో సుమారు 27 కోట్ల హీమోగ్లోబిన్ అణువులుంటాయి. ఒక్కో అణువులో నాలుగు ఇనుము పరమాణువులు, ఒక్కో ఇనుము దగ్గర ఒక ప్రాణవాయువు అణువుకు చోటు. అంటే కంటికి కనపడని ఈ కణం ఒక్కటే ఒక్క విడతలో వంద కోట్లకు పైగా ప్రాణవాయువు అణువులను మోయగలదు. నెత్తురుకు ఎరుపు వచ్చింది కూడా ఈ ఇనుమున్న పదార్థం వల్లనే.

ఈ మోత ఎంత ముఖ్యమో ఒక లెక్క చెబుతాను. ఎర్ర కణాలు లేకుండా, నెత్తురులోని ద్రవంలో ఊరికే కరిగిపోయే ప్రాణవాయువు వంద మిల్లీలీటర్లకు 0.3 మిల్లీలీటరు మాత్రమే. హీమోగ్లోబిన్ ఉంటేనో, ప్రతి గ్రాముకూ 1.34 మిల్లీలీటర్ల చొప్పున మోస్తుంది. మన రక్తపరీక్ష చీటీలో "హెచ్‌బి 12" అని రాస్తారు చూడండి, అది వంద మిల్లీలీటర్ల నెత్తురులో 12 గ్రాముల హీమోగ్లోబిన్ ఉందని. అంటే ఆ వంద మిల్లీలీటర్లు సుమారు 16 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోస్తాయి.

మోయడం ఒక ఎత్తు, దించడం ఒక ఎత్తు. కాజీపేట జంక్షను మనకు తెలిసినదే. గూడ్సు బండిలో ఎక్కించిన సరుకు దారి పొడుగునా ఎవరికి పడితే వాళ్ళకు దించరు. అవసరమున్న స్టేషనులో దించాలి. హీమోగ్లోబిన్ కూడా ఆ తెలివి చూపిస్తుంది. ఊపిరితిత్తుల్లో ప్రాణవాయువు దండిగా ఉంటుంది కాబట్టి అక్కడ గట్టిగా పట్టుకుంటుంది. మొదటి అణువు ఎక్కడం కాస్త కష్టం. ఒకటి ఎక్కాక హీమోగ్లోబిన్ ఆకారమే కొద్దిగా మారి మిగతావి సులువుగా ఎక్కుతాయి. పని చేస్తున్న కండరం దగ్గర వేడి ఎక్కువ, బొగ్గుపులుసు వాయువు ఎక్కువ, పులుపు ఎక్కువ. ఆ గుర్తులు తగలగానే హీమోగ్లోబిన్ పట్టు సడలించి సరుకు దించేస్తుంది. మీరు పిండి రుబ్బుతుంటే చేతి కండరాలకు, నడుస్తుంటే కాళ్ళకు ఎక్కువ అందేది ఇందువల్ల కూడాను. ఈ కిటుకును 1904లో డెన్మార్కులో క్రిస్టియన్ బోర్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు కనిపెట్టారు. హీమోగ్లోబిన్ ఆకారాన్ని ఏళ్ళ తరబడి శ్రమించి బయటపెట్టిన మాక్స్ పెరుట్జ్‌కు 1962లో నోబెల్ బహుమతి వచ్చింది. తిరుగు ప్రయాణంలో ఎర్ర కణాలు ఖాళీగా రావు. ఒంట్లో తయారైన బొగ్గుపులుసు వాయువును కొంత తామే మోసి, ఎక్కువ భాగాన్ని నెత్తురులో కరిగే రూపంలోకి మార్చి, ఊపిరితిత్తులకు చేరవేయడంలో సాయపడతాయి.

ఇంత తెలివైన హీమోగ్లోబిన్‌కు ఒక పెద్ద బలహీనత ఉంది, ఇంటి ఇల్లాలు తప్పక తెలుసుకోవలసినది. గాలి చాలక సగం సగం మండిన బొగ్గుల నుంచి, గ్యాసు నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. హీమోగ్లోబిన్ ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుని, ఒక పట్టాన వదలదు. చోటంతా అదే ఆక్రమిస్తే ప్రాణవాయువుకు జాగా ఎక్కడిది? చలికాలం బాలింత గదిలో కుంపటి పెట్టి తలుపులూ కిటికీలూ మూసేయడం, గాలి ఆడని స్నానాలగదిలో గ్యాసు గీజరు వెలిగించడం ప్రాణాపాయం అనేది ఇందుకే. తలనొప్పి, మత్తు, ఆపైన స్పృహ తప్పడం. నిద్రలో ఉన్నవాళ్ళకు ఆ హెచ్చరిక కూడా అందదు. కుంపటి పెడితే కిటికీ తెరవండి, నిద్రపోయే ముందు దాన్ని బయట పెట్టేయండి.

ఇక మన అలసట దగ్గరికి వద్దాం. 2020, 2021 సంవత్సరాల్లో కరోనా రోజుల్లో చాలా ఇళ్ళలోకి వేలికి తొడిగే చిన్న యంత్రం వచ్చింది, ఆక్సీమీటరు. అందులో 97, 98 వస్తే హమ్మయ్య అనుకున్నాం. ఇప్పటికీ కొందరు "నాకు ఆక్సిజన్ 98 ఉంది, నాకేం లోటు" అంటుంటారు. అక్కడే పొరపాటు పడుతున్నాం. ఆ యంత్రం చెప్పేది ఉన్న హీమోగ్లోబిన్‌లో నూటికి ఎంత నిండిందన్నది మాత్రమే. అసలు హీమోగ్లోబిన్ ఎంత ఉందో అది చెప్పదు. హన్మకొండ నుంచి వరంగల్ స్టేషనుకు పోవడానికి ఇరవై బస్సులుండవలసిన చోట పన్నెండే ఉన్నాయనుకోండి. ఆ పన్నెండూ నిండుగానే ఉన్నాయి. "బస్సులు నిండుగా ఉన్నాయి, సర్వీసు బాగుంది" అంటే బస్టాండులో నిలబడిపోయినవాళ్ళు ఒప్పుకుంటారా? రక్తహీనత ఉన్న మనిషికి ఆక్సీమీటరు 98 చూపించవచ్చు. ఉన్న బస్సులు నిండాయి, లేని బస్సుల సంగతి అది చెప్పదు.

హీమోగ్లోబిన్ 8 ఉన్న మనిషిని తీసుకుందాం. వంద మిల్లీలీటర్లకు 16 బదులు 11 కూడా మోయదు ఆ నెత్తురు. ఊరికే కూర్చున్నప్పుడు మన గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల నెత్తురు పంపుతుంది. 12 గ్రాములున్నవాళ్ళకు నిమిషానికి సుమారు 800 మిల్లీలీటర్ల ప్రాణవాయువు బయలుదేరుతుంది, 8 గ్రాములున్నవాళ్ళకు సుమారు 535. కూర్చున్న మనిషికి కావలసింది 200 నుంచి 250. అందుకే కూర్చున్నంతసేపు ఏమీ తెలియదు. లేచి మెట్లు ఎక్కగానే అవసరం అనేక రెట్లు పెరుగుతుంది. మోసేవాళ్ళు తక్కువ కాబట్టి ఉన్నవాళ్ళనే పరుగెత్తించాలి. గుండె గబగబా కొట్టుకుంటుంది, ఆయాసం వస్తుంది. మనిషి మళ్ళీ కూర్చుంటే సర్దుకుంటుంది. చూసేవాళ్ళకు ఏమనిపిస్తుంది? "కూర్చుంటే బాగానే ఉంటుంది, పని చెప్తే ఆయాసం వస్తుంది" అనిపిస్తుంది. బద్ధకమన్న నింద పుట్టేది ఇక్కడే. అది స్వభావం కాదు, అది ఈ లెక్క.

మా వీధిలో ఒక కోడలు పిల్ల ఉంది, పేరు అక్కర్లేదు. ఇద్దరు పిల్లలు. బతుకమ్మ పండుగకు అందరం పద్మాక్షి గుట్ట దగ్గరకు వెళ్ళాం. గుట్ట మెట్లు ఎక్కుతూ సగంలో కూలబడింది. "ఈ కాలం పిల్లలకు ఒళ్ళు వంగదమ్మా" అన్నారు అత్తగారు. ఆమె మనసు చెడ్డది కాదు, తెలియక అన్నమాట. ఆ అమ్మాయి కింది కనురెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. అరిచేతులూ అంతే. అడిగితే మెల్లగా చెప్పింది, బియ్యం ఏరుతూ పచ్చి బియ్యం నములుతుందట, నెలసరి ఎనిమిది రోజులుంటుందట. మట్టి, బలపం, పచ్చి బియ్యం తినాలనిపించడం ఇనుము లోటుకు ఒక గుర్తు. పరీక్ష చేయిస్తే హీమోగ్లోబిన్ 7.8 వచ్చింది. డాక్టరమ్మ మాత్రలిచ్చి, నెలసరి ఎక్కువ కావడానికి కారణం కూడా చూశారు. రెండు నెలలకు 10 దాటింది. అత్తగారే ఇప్పుడు గుర్తు చేసి మాత్ర వేయిస్తున్నారు.

"రక్తం తక్కువైంది" అని మనం మామూలుగా అంటుంటాం. ఒంట్లో నెత్తురు కొలత తగ్గిందని కాదు దానర్థం. నెత్తురు ఉన్నంతా ఉంటుంది, అందులో మోసే పదార్థం తగ్గుతుంది. చారులో పప్పు తగ్గినట్టు. గర్భిణి కాని స్త్రీకి 12 గ్రాములకు తగ్గితే, గర్భిణికి 11కు తగ్గితే రక్తహీనత అని లెక్క. 2019 నుంచి 2021 దాకా జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో దేశం మొత్తం మీద నూటికి 57 మందికి ఈ లోటు కనిపించింది. మన తెలంగాణలోనూ 57.6. అదే వయసు మగవాళ్ళలో దేశంలో నూటికి 25 మందే. ఒకే ఇంట్లో, ఒకే వంట తినేవాళ్ళలో ఇంత తేడా ఎందుకో ఆలోచించండి.

మొదటి కారణం ప్రకృతి పెట్టిన ఖర్చు. ఎర్ర కణం ఆయుష్షు సుమారు 120 రోజులు. వెన్ను, తుంటి, పక్కటెముకలు, రొమ్ముటెముకల్లోని మూలుగలో పుట్టి, నాలుగు నెలలు తిరిగి తిరిగి ముసలిదై, ప్లీహంలోనూ కాలేయంలోనూ విచ్ఛిన్నమైపోతుంది. ప్రతి క్షణం, అంటే ఒక్క సెకనులో, 20 లక్షలకు పైగా కణాలు పోతుంటాయి, అన్నే కొత్తవి పుడుతుంటాయి. పోయిన కణంలోని ఇనుమును ఒళ్ళు పారేయదు. పాత చీర చింపి బొంత కుట్టినట్టు, ఆ ఇనుమును తీసి కొత్త కణాలకు వాడుతుంది. రోజుకు 20 నుంచి 25 మిల్లీగ్రాముల ఇనుము ఇట్లా తిరిగి వాడుకలోకి వస్తే, తిండి నుంచి కొత్తగా పీల్చుకునేది 1, 2 మిల్లీగ్రాములే. ఇంత పొదుపరి ఇల్లాలు మన ఒళ్ళు. అయితే నెలనెలా పోయే నెత్తురుతో పోయే ఇనుము మళ్ళీ రాదు. మామూలు నెలసరికే 15 మిల్లీగ్రాముల దాకా పోతుంది, ఎక్కువయ్యేవారికి ఇంకా ఎక్కువ. మగవాళ్ళకు ఈ పద్దు లేదు. కాన్పు ఒకటి గడవడానికి మొత్తం సుమారు 1000 మిల్లీగ్రాములు అదనంగా కావాలి. ఏడాదిన్నర తిరగకుండా మళ్ళీ గర్భమొస్తే ఖాళీ అయిన డబ్బా నిండకముందే మళ్ళీ గీకినట్టవుతుంది.

రెండో కారణం మనం పెట్టుకున్న ఆచారం. అందరూ తిన్నాక తినడం. పిల్లలకు వేసి, మగవాళ్ళకు వేసి, గిన్నెలో మిగిలిన కూర ఊడ్చుకుని, పులుసు మెతుకులతో సరిపెట్టుకోవడం. మాంసం వండిన రోజు ముక్కలు వాళ్ళకు, షోర్వా మనకు. ఖర్చు ఎక్కువున్న ఒంటికే రాబడి తక్కువ. ఇట్లా నడిచే ఏ సంసారమైనా అప్పులపాలు కాక ఏమవుతుంది?

కణాల తయారీకి ఆర్డరు ఇచ్చేది ఎవరో తెలుసా? మూత్రపిండాలు. తమ దగ్గరకు వచ్చే నెత్తురులో ప్రాణవాయువు తగ్గినట్టు అనిపిస్తే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోనును ఎక్కువగా పంపుతాయి. మూలుగ వెంటనే పని పెంచుతుంది. మూడున్నర వేల మీటర్ల ఎత్తున ఉన్న కేదారనాథ్ వంటి చోట పలచని గాలిలో కొన్ని వారాలుంటే ఎర్ర కణాలు పెరిగేది ఇందువల్లనే. యాత్రకు పోయినవాళ్ళు రెండు రోజుల్లో తిరిగి వస్తారు కాబట్టి ఆ లాభం అందదు, ఆయాసమే మిగులుతుంది. రక్తహీనత ఉన్నవాళ్ళు అటువంటి యాత్రకు ముందు పరీక్ష చేయించుకోవడం మంచిది. అయితే ఆర్డరు ఎంత గట్టిగా వచ్చినా, సరుకు లేకపోతే మూలుగ మాత్రం ఏం చేస్తుంది? ఇనుము కావాలి, ఫోలిక్ ఆమ్లం కావాలి, బి12 విటమిను కావాలి.

ఈ ఫోలిక్ ఆమ్లం కథలో మన దేశపు పేద స్త్రీలు ఉన్నారు, మన తెలుగువాడు ఒకాయన ఉన్నారు. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు తీవ్రమైన రక్తహీనత వస్తుండేది. వాళ్ళ నెత్తురులో కణాలు తక్కువ, ఉన్నవి మామూలు కంటే పెద్దవి, పక్వానికి రానివి. ఈస్టుతో చేసే మార్మైట్ అనే చవక పదార్థం పెడితే వాళ్ళు కోలుకున్నారు. అందులోని గుణమేదో అప్పటికి ఎవరికీ తెలియదు. 1931లో ఆమె ఈ సంగతి ప్రకటించారు. 1941లో అమెరికాలో శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి కొద్దిపాటి పదార్థాన్ని తీసి, ఆకుల్లో దొరికింది కనుక ఆకు అనే అర్థమొచ్చే లాటిను మాటతో ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు.

దాన్ని ఫ్యాక్టరీలో తయారుచేసే దారి చూపింది మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళిన మనిషి. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో కొద్దిరోజుల తేడాలో పోయారు. పేగు తిన్నది పట్టనివ్వని జబ్బు అది, మనిషి విరేచనాలతో, రక్తహీనతతో కృశించిపోతాడు. లెడర్లీ కంపెనీలో ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేయగలిగింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందైంది. 1948లో, యాభై మూడేళ్ళకే, ఆయన న్యూయార్కులో కన్నుమూశారు. దవాఖానలో గర్భిణికి ఇచ్చే ఐరను మాత్రలో ఇనుముతో పాటు ఉండేది ఆ ఫోలిక్ ఆమ్లమే. ఆ మాత్రను చెత్తబుట్టలో వేసే ముందు ఈ కథ ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

తిండి సంగతి చెప్పుకుందాం. బీట్‌రూట్ ఎర్రగా ఉంది కనుక నెత్తురు పడుతుందని చాలామంది నమ్మకం. ఆ ఎరుపు వేరు, నెత్తురు ఎరుపు వేరు. బీట్‌రూట్ మంచిదే గాని అందులో ఇనుము తక్కువ. మనకు ఇనుమిచ్చేవి సజ్జలు, ఉలవలు, పెసర్లు, అలసందలు, నువ్వులు, తోటకూర వంటి ఆకుకూరలు. సద్దుల బతుకమ్మ నాడు మనం చేసే నువ్వుల సద్ది, సజ్జ రొట్టెల మలీద పండుగ ఒక్కనాటికే పరిమితం కానక్కరలేదు. మాంసాహారులకు వేట మాంసం, కార్జం, చేపలు. మాంసంలోని ఇనుము ఒంటికి సులువుగా పడుతుంది. ధాన్యాల్లో, ఆకుల్లో ఉన్నది అంత సులువుగా పట్టదు. దానికి పులుపు తోడు కావాలి. నిమ్మకాయ, ఉసిరికాయ, జామకాయల్లోని సి విటమిను ఆ ఇనుమును కరిగించి పేగుకు అందిస్తుంది. పప్పన్నంలో నిమ్మరసం పిండుకోండి. వేడి చేస్తే సి విటమిను తగ్గుతుంది కనుక దించాక పిండాలి. ఇనుప మూకుడులో పులుపు కూర వండితే మూకుడు ఇనుము కూడా కాస్త కూరలోకి దిగుతుంది. ఆకుకూరను నీళ్ళు పారబోసి మరీ ఉడికిస్తే ఫోలిక్ ఆమ్లం ఆ నీళ్ళతోనే పోతుంది. కొద్ది నీళ్ళతో, మూతపెట్టి, త్వరగా దించాలి. శాకాహారులు పాలు, పెరుగు మానకూడదు, బి12 ఆకుల్లో దొరకదు.

ఇక చాయ్. టిఫిను తింటూ చాయ్, అన్నం తినగానే చాయ్ మన ఊళ్ళో అలవాటు. టీలోని వగరు ఇనుమును పట్టేసుకుని పేగుకు అందనివ్వదు. భోజనంతో పాటు తాగితే ఆకుల్లో, ధాన్యాల్లో ఉన్న ఇనుము పట్టడం సగానికి పైగా తగ్గిపోవచ్చు. చాయ్ మానమని నేను చెప్పను, చెప్పినా ఎవరూ వినరు. తిండికీ చాయ్‌కీ నడుమ ఒక గంట ఎడం పెట్టండి, చాలు. పైసా ఖర్చు లేని వైద్యమిది.

అయితే ఒక మాట. ఒకసారి 8కి, 9కి పడిపోయాక తిండి ఒక్కటే చాలదు, మాత్రలు కావాలి. 2018లో మొదలైన రక్తహీనత రహిత భారత్ కార్యక్రమంలో గర్భిణికి నాలుగో నెల నుంచి రోజుకొక మాత్ర చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక ఇంకో 180 రోజులు ఇవ్వాలని ఏర్పాటు. బడి పిల్లలకు వారానికొక మాత్ర. మాత్ర వేసుకుంటే వికారం, మలం నల్లబడటం ఉంటుంది. నల్లబడటం భయపడవలసినది కాదు. వికారమైతే రాత్రి అన్నం తిన్నాక వేసుకోండి. చాయ్‌తో, పాలతో, కాల్షియం మాత్రతో కలిపి వేసుకోవద్దు. హీమోగ్లోబిన్ పెరిగింది కదా అని వెంటనే మానేయకూడదు, ఒంట్లో ఇనుము నిలవ నిండడానికి ఇంకో మూడు నెలలు పడుతుంది. "మాత్ర వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుంది" అన్న మాట వట్టిది. బిడ్డ రంగుకూ ఐరను మాత్రకూ సంబంధం లేదు. కడుపులో బిడ్డ హీమోగ్లోబిన్ తల్లి హీమోగ్లోబిన్ కంటే గట్టిగా ప్రాణవాయువును పట్టుకుంటుంది, తల్లి దగ్గర నుంచి లాక్కునేందుకు ప్రకృతి చేసిన ఏర్పాటు అది. కానీ తల్లి దగ్గర ఉంటేనే కదా బిడ్డ లాక్కునేది.

మాత్రలు వాడినా రెండు నెలల్లో అంకె పెరగకపోతే ఊరుకోవద్దు. కడుపులో నులిపురుగులున్నాయా, నెలసరి ఎందుకు ఎక్కువవుతోంది, మొలల నుంచి నెత్తురు పోతోందా, ఇవన్నీ చూడాలి. ములుగు, భద్రాచలం వైపు ఏజెన్సీలోని కోయ, గోండు కుటుంబాల్లో సికిల్ సెల్ అనే జబ్బు ఉంది. హీమోగ్లోబిన్‌లో ఒకే ఒక్క ముక్క తేడాగా ఉండటంతో, ప్రాణవాయువు దించగానే ఎర్ర కణం గారె ఆకారం పోయి కొడవలిలా వంగి బిర్రబిగుస్తుంది, సన్నని నాళాల్లో అడ్డుపడి భరించలేని నొప్పులు తెస్తుంది. తలసేమియా ఇంకొకటి, ఆ పిల్లలకు రెండు మూడు వారాలకోసారి నెత్తురు ఎక్కించాల్సిందే. ఇవి తల్లిదండ్రుల నుంచి వచ్చేవి, ఐరను మాత్రలతో తగ్గేవి కావు. అందుకే పరీక్ష లేకుండా సొంతంగా నెలల తరబడి మాత్రలు మింగడమూ మంచిది కాదు. పెళ్ళికి ముందు జాతకాలతో పాటు ఈ రక్తపరీక్ష కూడా చేయిస్తే, ముఖ్యంగా మేనరికాల్లో, ఎన్నో ఇళ్ళలో కన్నీళ్ళు తప్పుతాయి.

సోదరీమణులారా, ఇంట్లో గ్యాసు బండ ఎప్పుడు అయిపోతుందో, బియ్యం ఎన్ని రోజులొస్తాయో మనకు నోటి మీద ఉంటుంది. మన హీమోగ్లోబిన్ ఎంతో చెప్పమంటే తెలియదు. ఈ వారంలో ఒకరోజు దగ్గరలోని పట్టణ ఆరోగ్య కేంద్రానికి గాని, ప్రభుత్వ దవాఖానకు గాని వెళ్ళి ఆ పరీక్ష చేయించుకోండి. ఎదిగిన ఆడపిల్ల ఉంటే వెంట తీసుకుపోండి. ఇంట్లో పనిచేసే మనిషి ఉంటే ఆమెకూ చెప్పండి, ఆమె మోసే బరువు మనకంటే ఎక్కువ. ఆ చీటీ మీది అంకెను పాల లెక్క రాసుకునే కాలెండరు మీద రాసిపెట్టండి. 12 ఉంటే సంతోషం. తక్కువైతే సిగ్గుపడవలసిందీ, భయపడవలసిందీ ఏమీ లేదు, మందున్న జబ్బే. ఆ రాత్రి నుంచి అందరితో పాటు కంచం పెట్టుకుని కూర్చోండి. ఎవరైనా బద్ధకం అంటే, మాటకు మాట అనకుండా, ఆ అంకె చూపించండి.



(ఆకాశవాణి సౌజన్యంతో)